టొబాగోలో బింగో, ప్లే వే ఎలా ఆడాలి? మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం

ట్రినిడాడ్ అండ్ టొబాగోకి మనవాళ్లెవరు బయల్దేరినా ఫోన్ చేసి అడిగేవి మూడే. వెజ్ దొరుకుతుందా? బీచ్ ఏది బాగుంటుంది? రోడ్డు పక్కన చిన్న బూత్‌ల ముందు జనం చీటీలు పట్టుకుని నిలబడతారట కదా, అదేంటి, మనమూ ఆడొచ్చా? మొదటిదానికి జవాబు తేలిక: పొద్దున్నే డబుల్స్ తినండి, మెత్తటి బారాల, అంటే నూనెలో వేయించిన చిన్న రొట్టెల మధ్య శనగల కూర పెట్టిస్తారు, మిరపకాయ పచ్చడి మాత్రం కొంచెమే వేయమనండి. బీచ్ సంగతికొస్తే, టొబాగోలో ఎయిర్‌పోర్ట్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే స్టోర్ బే ఉంది, అక్కడ మొదలుపెట్టండి. మూడోదాన్ని ఫోన్‌లో చెబితే ఎవరికీ పూర్తిగా ఎక్కట్లేదు, అక్కడికి వెళ్లాక మళ్లీ మెసేజ్ పెడుతున్నారు. అందుకే ఈసారి ఆ బూత్‌లలో ఆడే ప్లే వే అనే అంకెల లాటరీ గురించి, దాంతో పాటు అక్కడి బింగో గురించి మొత్తం రాసేస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఖర్చులు రాబట్టుకోవచ్చని ఈ ఆటలకి వెళ్లొద్దు. సినిమా టికెట్‌కి పెట్టినట్టు ఒక చిన్న మొత్తం పక్కన పెట్టుకుని, అది పోయిందనుకునే ఆడండి. బదులుగా దొరికేది వేరే ఉంది. బూత్ దగ్గర నిలబడ్డ పది నిమిషాల్లో ఆ ఊరివాళ్లతో కలిసే మాట, రిసార్ట్‌లో వారం ఉన్నా కలవదు. నాకు అక్కడ మొదటి స్నేహాలు లైన్లో నిలబడ్డప్పుడే దొరికాయి.

వెంట ఉండాల్సినవి

- ఆడటానికి కావాల్సిన వయసు నిండినట్టు చూపించే ఏదైనా ఐడీ. పిల్లల్ని బూత్ దాకా తీసుకెళ్లినా ఆడేది మాత్రం మీరే.
- ట్రినిడాడ్ డాలర్లలో చిల్లర. అక్కడివాళ్లు టీటీ అంటారు. ఒక అమెరికన్ డాలర్‌కి దాదాపు 6.7 టీటీ వస్తుంది. 1, 5, 10, 20 నోట్లు చాలు.
- ఒక పెన్ను, చిన్న నోట్‌బుక్.
- రోజుకింత అని ముందే రాసుకున్న అంకె. దీన్ని ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, డబ్బు తీసిన ప్రతిసారీ కనిపిస్తుంది.

నోట్ల విషయంలో ఒక హెచ్చరిక. ఆ దేశం పాత కాగితపు నోట్లని రద్దు చేసి పాలిమర్ నోట్లకి మారింది. పాత కాగితపు 100 డాలర్ల నోటు 2019 చివరికే చెల్లకుండా పోయింది. మనకి 2016 గుర్తుంది కదా, అలాగే. ఎవరో చుట్టాలు ఎప్పుడో తెచ్చి దాచిన నోట్లు మీకు ఇస్తే, చేతితో తడిమి చూడండి. ప్లాస్టిక్‌లా జారాలి.

బింగో: తంబోలా వచ్చినవాళ్లు పొరపడే చోటు

బింగో మీకు మూడు చోట్ల తగులుతుంది: క్రూయిజ్ ఓడల్లో, కొన్ని హోటళ్లలో సాయంత్రాలు, ఇంకా చర్చిలు, స్కూళ్లు, ఊరి క్లబ్బులు నిధుల కోసం పెట్టే సాయంత్రాల్లో. నన్ను అడిగితే మూడోదానికే వెళ్లండి. మీ డబ్బు పోయినా ఏ స్కూలు పైకప్పుకో చేరుతుంది, పక్కన కూర్చున్నవాళ్లు మీ కార్డు కూడా చూసిపెడతారు.

1. కార్డు కొనగానే అది ఏ రకమో చూడండి. మన కిట్టీ పార్టీల్లో ఆడే తంబోలా టికెట్‌కి 3 వరసలు, 15 అంకెలు, 1 నుంచి 90 దాకా. 75 అంకెల బింగో కార్డు అలా ఉండదు. 5 నిలువు, 5 అడ్డం గళ్లు, పైన బి, ఐ, ఎన్, జి, ఓ అని అక్షరాలు, నడిమధ్య గడి ఖాళీ, అది మీకు ఉచితం. మిగిలినవి 24 అంకెలు.

2. అక్షరాన్ని వినడం అలవాటు చేసుకోండి. బి కింద 1 నుంచి 15, ఐ కింద 16 నుంచి 30, ఎన్ కింద 31 నుంచి 45, జి కింద 46 నుంచి 60, ఓ కింద 61 నుంచి 75. "జి 52" అన్నారంటే మీరు చూడాల్సింది నాలుగో నిలువు వరస ఒక్కటే. మనవాళ్లు అక్షరం వదిలేసి 52 కోసం కార్డంతా వెతుకుతారు, ఈలోగా తర్వాతి అంకె వచ్చేస్తుంది.

3. ఆట మొదలయ్యే ముందే ఏ ఆకారం గెలుస్తుందో అడగండి. ఒక రౌండ్‌లో ఒక వరస నిండితే చాలు, ఇంకో రౌండ్‌లో నాలుగు మూలలు, మరో రౌండ్‌లో ఎక్స్ ఆకారం, చివర్లో కార్డు మొత్తం నిండాలి. ఇందులో మన జల్దీ ఫైవ్ ఉండదు. ఐదు కొట్టగానే చెయ్యెత్తి అరిచినవాళ్లని నేను ఇద్దరిని చూశాను.

4. మొదటిసారి రెండు కార్డులకి మించి తీసుకోకండి. అవకాశం లెక్క చాలా సులువు, హాలు మొత్తంలో ఉన్న కార్డుల్లో మీవెన్ని అన్నదే. 40 మంది తలా మూడు కార్డులు తీసుకుంటే 120 కార్డులు, అందులో మీవి మూడైతే 40లో ఒక వంతు. ఆరు కార్డులు కొంటే అవకాశం పెరిగే మాట నిజమే, కానీ ఆరూ సమయానికి చూడలేకపోతే ఆ డబ్బు వృథా.

5. గెలిచారనుకోగానే గట్టిగా "బింగో" అనండి, తర్వాతి అంకె పిలవకముందే. ఇక్కడ మొహమాటపడితే పోతుంది. చాలాచోట్ల ఆలస్యంగా చెబితే లెక్కలోకి తీసుకోరు. చెప్పాక కార్డు చేత్తో పట్టుకుని కదలకుండా కూర్చోండి, వాళ్లే వచ్చి అంకెలు చదువుకుంటారు.

ఇంకు డాబర్‌తో చుక్క పెట్టే కాగితపు కార్డులైతే ఒక జాగ్రత్త: అంకె కనపడకుండా ముద్దలా అద్దకండి, తనిఖీలో చదవడానికి రావాలి. డాబర్ లేకపోతే పెన్నుతో గుండ్రం చుట్టినా సరిపోతుంది, అట్ట కార్డులైతే గింజలో బిళ్లలో ఇస్తారు. ఫ్యాన్ కింద కూర్చోకండి, బిళ్లలు ఎగిరాయంటే మీ రౌండ్ అయిపోయినట్టే.

ప్లే వే: అసలు సరుకు ఇదే

ఇంగ్లిష్‌లో రాసింది చూసి చాలామంది "ప్లే వీ" అంటారు. "వే" అనండి. పాత పేరు వే వే. 19వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన కూలీలతో పాటు ఈ ఆట వచ్చింది. 1 నుంచి 36 దాకా అంకెలు, ఒక్కో అంకెకి ఒక్కో బొమ్మ. ఆ బొమ్మని మార్క్ అంటారు. వెనకటికి బ్యాంకర్ అనేవాడు ముందే ఒక మార్క్ ఎంచి కాగితంలో చుట్టి పెట్టేవాడు, జనం పందేలు కాశాక దాన్ని విప్పి చూపించేవాడు. ఆ విప్పడాన్ని ఇప్పటికీ "బస్ ద మార్క్" అంటారు. చాలాకాలం ఇది చాటుమాటు ఆటే. 1994లో అక్కడి ప్రభుత్వ సంస్థ, నేషనల్ లాటరీస్ కంట్రోల్ బోర్డు, దీన్నే ప్లే వే పేరుతో చట్టబద్ధంగా మొదలుపెట్టింది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్.ఎల్.సి.బి. అని రాసిన బోర్డు ఉన్న బూత్ అంటే ఇదే.

మన రాయలసీమ మట్కా తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తేడా ఏంటంటే మన దగ్గర మట్కా నేరం, అక్కడ బూత్‌లో ఆడేది చట్టబద్ధం. కానీ ప్రైవేటుగా నడిపే వే వే అక్కడ కూడా నేరమే. ఎవరైనా "బూత్ కంటే ఎక్కువ ఇస్తాను, నా దగ్గర రాయించుకో" అంటే నవ్వి వచ్చేయండి.

ఇవీ 36 మార్కులు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి:

1 జెర్రి, 2 ముసలమ్మ, 3 గుర్రబ్బండి, 4 చనిపోయిన మనిషి, 5 పాదిరి, 6 పొట్ట, 7 పంది, 8 పులి, 9 పశువులు, 10 కోతి, 11 రాబందు, 12 రాజు, 13 గోండ్రు కప్ప, 14 డబ్బు, 15 జబ్బుపడ్డ ఆడమనిషి, 16 జమెట్, 17 పావురం, 18 పడవ, 19 గుర్రం, 20 కుక్క, 21 నోరు, 22 ఎలుక, 23 ఇల్లు, 24 రాణి, 25 తాబేలు, 26 కోడి, 27 చిన్న పాము, 28 ఎర్ర చేప, 29 నల్లమందు మనిషి, 30 ఇంటి పిల్లి, 31 పాదిరి భార్య, 32 రొయ్యలు, 33 సాలీడు, 34 చూపు లేని మనిషి, 35 పెద్ద పాము, 36 గాడిద.

జమెట్ అనేది ఆడవాళ్లని కించపరిచే పాత మాట, ఆటలో అంకె పేరుగా తప్ప ఎవరి గురించీ నోటితో అనకండి. రాబందుని కోర్బో అంటారు, గోండ్రు కప్పని క్రాపో, తాబేలుని మొరకోయ్. కోర్బో, క్రాపో ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాటలు. ఇవి నాలుగైదు పలకడం వస్తే చాలు, బూత్‌లో అమ్మాయి ముఖం వెలిగిపోతుంది.

ఇక ఆడే పద్ధతి.

1. ముందు మార్క్ ఎంచుకోండి. అక్కడ ఎవరూ ఊరికే అంకె అనుకోరు, రాత్రి వచ్చిన కలని బట్టి, పొద్దున్న ఎదురైన దాన్ని బట్టి ఎంచుకుంటారు. కలలో పాము వస్తే అది పెద్దదా చిన్నదా అన్న చర్చ ఇంటిల్లిపాదీ చేస్తారు, ఎందుకంటే 27 వేరు, 35 వేరు. మా పక్కింటి టాంటీ, పెద్దావిడని అక్కడ అలాగే పిలుస్తారు, ఒకరోజు గోడ మీంచి నన్ను పిలిచి రాత్రి నాకేం కల వచ్చిందని అడిగింది. రైలు మిస్సయినట్టు వచ్చిందన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, రైలు లేదు గానీ బండి ఉంది, 3 వెయ్యి అంది. పిండి చేత్తోనే తన చీటీ వెనక నా కోసం 3 రాసిచ్చింది, ఆ కాగితం మీద వేలిముద్ర తెల్లగా పడింది. ఆ చీటీ ఇప్పటికీ నా పాస్‌పోర్ట్ కవర్‌లో ఉంది.

2. ఒక్క అంకె చాలదనుకుంటే లైన్ అడగండి. 9 చొప్పున కలుపుకుంటూ పోతే వచ్చే నాలుగు అంకెలు ఒక లైన్. ఉదాహరణకి 4, 13, 22, 31. గమనించారా, ప్రతి దాంట్లో అంకెలు కూడితే 4 వస్తుంది. బండి నంబరు మొత్తం ఎంతొస్తుందో కూడి చూసి ఫ్యాన్సీ నంబరుకి డబ్బు కట్టే మనవాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. లైన్ వేస్తే నాలుగు పందేలు కట్టినట్టు, నాలుగు రెట్లు ఖర్చు. అది మర్చిపోకండి.

3. ఏ డ్రాకి వేస్తున్నారో తేల్చుకోండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోజుకి నాలుగు డ్రాలు ఉంటాయి. బూత్ గోడ మీద సమయాలు ఉంటాయి, డ్రాకి కొద్దిసేపు ముందే అమ్మకం ఆపేస్తారు. ఆదివారం, పండగ రోజు వెళ్తే డ్రా ఉందో లేదో ముందు అడగండి.

4. కిటికీ దగ్గర ఈ వరసలో చెప్పండి: ఆట పేరు, అంకె, మార్క్ పేరు, ఎంత, ఏ డ్రా. "ప్లే వే, 13, క్రాపో, 2 డాలర్లు, సాయంత్రం డ్రా" అన్నట్టు. అదనపు బంతి, అదనపు ఆప్షన్ కావాలా అని అడిగితే మొదటిసారి వద్దనండి. అలవాటయ్యాక చూసుకోవచ్చు.

5. చీటీ చేతికి రాగానే కిటికీ వదలకుండా చదవండి. అంకె, మొత్తం, తేదీ, డ్రా, నాలుగూ. వెనక జనం ఉన్నారని టెన్షన్ పడకండి, అక్కడివాళ్లందరూ చదువుకునే కదులుతారు.

ఈ ఐదో మెట్టు దగ్గర నేను దెబ్బతిన్నాను. మార్క్ పేరు చెప్పకుండా ఇంగ్లిష్‌లో "థర్టీన్" అన్నాను, మన ఉచ్చారణ కదా, కిటికీలో అమ్మాయికి "థర్టీ" అని వినిపించింది. చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాను. సాయంత్రం 13 పడింది. ఎగురుకుంటూ వెళ్లి చీటీ ఇస్తే ఆ అమ్మాయి దాన్ని నావైపు తిప్పి పెట్టింది, 30 అని ఉంది, ఇంటి పిల్లి. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. అప్పట్నుంచి క్రాపో అనకుండా 13 అనను. మీరు కూడా అంకెతో పాటు బొమ్మ పేరు చెప్పండి, లేదా కాగితం మీద అంకె రాసి చూపించండి.

ఎక్కువగా చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది "ఇన్ని రోజులుగా రాలేదు, ఇక రావాలి" అనుకోవడం. బూత్ బయట గోడకి పాత ఫలితాల పట్టిక అంటించి ఉంటుంది, దాన్ని చూసి మనవాళ్లు లెక్కలు మొదలుపెడతారు. 36 అంకెలు కాబట్టి 36 డ్రాల్లో ఒకసారైనా రావాలి కదా అంటారు. లెక్క వేసి చూడండి, ఒక అంకె వరసగా 36 డ్రాల్లో అసలు రాకపోవడానికి అవకాశం 100కి దాదాపు 36. వంద డ్రాల్లో రాకపోవడం కూడా 100కి 6 సార్లు దాకా జరిగేదే. డ్రాలో అంకె తీసే బంతికి నిన్నటి సంగతి తెలియదు.

రెండోది, పోయినదాన్ని రాబట్టాలని పందెం రెట్టింపు చేయడం. 2, 4, 8, 16, 32 అని వెళ్తే ఐదో డ్రాకే 62 డాలర్లు పెట్టినట్టు, అప్పటికి ఇంకా రెండు రోజులు కూడా గడవలేదు. పర్సులో కాగితం మీద రాసిన అంకె ఉంది కదా, అక్కడ ఆగండి.

డాలర్‌కి ఎంతిస్తారో చూడకుండా వేయడం ఇంకొకటి. బోర్డు మీద రాసి ఉంటుంది, అడిగినా చెబుతారు. ఒక డాలర్ చొప్పున 36 అంకెలూ వేస్తే 36 డాలర్లు ఖర్చు, కచ్చితంగా ఒకటి గెలుస్తుంది, కానీ చేతికొచ్చేది 36 కంటే తక్కువే. ఆ తేడా సంస్థది. అన్నీ వేసి గెలుద్దామనే తెలివి అక్కడికక్కడే తేలిపోతుంది. రోజంతా నాలుగు డ్రాలకీ ఒకే అంకె వేసినా, కనీసం ఒకసారి తగిలే అవకాశం 100కి 11 లోపే.

ఇంక చీటీ తడపడం. బీచ్ నుంచి తడి నిక్కరు జేబులో చీటీ పెట్టుకుని వచ్చి, అంకెలు చెరిగిపోయాక నన్ను అడిగితే ఏం చేయను? చిన్న ప్లాస్టిక్ కవర్ ఉంచుకోండి. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే అన్నట్టు ఉంటుంది వ్యవహారం, కాబట్టి కొన్న వెంటనే వెనక సంతకం పెట్టండి.

డబ్బు, చట్టం

ఇండియాలో ఉండి ఆన్‌లైన్‌లో ఆ దేశపు లాటరీ కొనొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. లాటరీ టికెట్ల కోసం విదేశాలకి డబ్బు పంపడాన్ని మన ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, నియమాలు నిషేధించాయి. మీరు ఇండియాలో రెసిడెంట్ అయితే లాటరీ గెలుపు మీద ఇక్కడ 30 శాతం పన్ను, పైన సెస్ కూడా ఉంది. ఎప్పుడైనా పెద్ద మొత్తం తగిలితే ముందు మీ సి.ఏ.కి ఫోన్ చేయండి, ఫేస్‌బుక్ తర్వాత.

అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలకి ఇది తప్పకుండా చెప్పండి. "మీకు కరీబియన్ లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టండి" అని ఫోన్ వస్తే అది మోసం, సందేహమే లేదు. జమైకా కోడ్ 876 నుంచి వచ్చే ఇలాంటి ఫోన్లకి అమెరికాలో పెద్దవాళ్లు ఎంతోమంది బలయ్యారు, ఆ బెడద మీద జమైకా 2013లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. మీరు కొనని టికెట్‌కి బహుమతి రాదు, నిజమైన బహుమతికి ముందు డబ్బు అడగరు.

ఫలితం ఎలా చూసుకోవాలి

1. డ్రా అయ్యాక బూత్ దగ్గర బోర్డు మీద అంకె రాస్తారు. టీవీలోనూ, సంస్థ వెబ్‌సైట్‌లోనూ వస్తుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటోని నమ్మి చీటీ పారేయకండి.

2. అంకె ఒక్కటే కాదు, తేదీ, డ్రా కూడా కలవాలి. మధ్యాహ్నం డ్రా చీటీతో సాయంత్రం ఫలితం చూసుకుని సంబరపడటం, లేదా గెలిచిన చీటీని చించేయడం, రెండూ జరుగుతాయి.

3. అనుమానంగా ఉంటే చీటీని బూత్‌లో ఇచ్చి మెషీన్‌లో చూడమనండి. చీటీ మీ కంటి ముందే ఉండాలి, తిరిగి చేతికి తీసుకోండి.

4. చిన్న గెలుపు బూత్‌లోనే ఇస్తారు. పెద్దదైతే సంస్థ ఆఫీసుకి ఐడీతో వెళ్లాలి, గడువు చీటీ వెనక చూడండి. మీ ఫ్లైట్ ఎప్పుడో దాన్ని బట్టి చూసుకోండి, చివరి రోజు ఆఖరి డ్రాకి వేసి పొద్దున్నే విమానం ఎక్కితే ఆ డబ్బు కోసం మళ్లీ ఎవరొస్తారు?

బోర్డు కనపడకపోతే పక్కవాళ్లని అడగండి, "వాట్ ప్లే?" అంటే చాలు, ఇవాళ ఏ మార్క్ వచ్చిందని. బస్సులో అడిగినా, డబుల్స్ బండి దగ్గర అడిగినా ఎవరో ఒకరు చెబుతారు. అంకె కాదు, బొమ్మ పేరు చెబుతారు. ఆ తర్వాత మీరేం వేశారని వాళ్లు అడుగుతారు, ఎందుకు వేశారని అడుగుతారు, మీకొచ్చిన కల మొత్తం చెప్పాల్సి వస్తుంది. బస్సు దిగాల్సిన చోటు దాటిపోకుండా చూసుకోండి.